హమ్సియా నోటిమాట, కఫను డబ్బు

మసీదుకు వెళ్ళినప్పుడు హమ్సియా తన రెండు చెప్పుల్నీ ఒకే అరలో పెట్టదు. ఎడమకాలిది గుమ్మం పక్క అరలో, కుడికాలిది నీళ్ళ తొట్టి దగ్గరి అరలో. "ఒంటికాలి దొంగ పుట్టేదాకా నా జోడుకి ఢోకా లేదు" అంటుంది. నలభై ఏళ్ళుగా ఆ జోడు పోలేదు. ఒక్కసారి మాత్రం కుడిది ఎక్కడ పెట్టిందో తనే మరిచిపోయి, నమాజుకు వచ్చినవాళ్ళందరినీ వరసగా అనుమానించి, చివరికి తను పెట్టిన చోటే చూసుకుని, "ఎవరో తీసి, భయపడి మళ్ళీ పెట్టేశారు" అని తేల్చింది.

అనుమానం పెనుభూతం అంటారు. హమ్సియా ఆ భూతానికి రోజూ అన్నం పెట్టి పెంచింది. మర్తపుర నది మీద తెల్లవారగానే కూడే పడవల సంతలో ఆమె నారింజలు, తోటకూర అమ్ముతుంది. ముఖానికి చల్లని బియ్యప్పిండి పూత, నెత్తిన చాటంత ఆకుటోపీ. ఎవరి పడవైనా తన పడవను రాసుకుంటే ముందు బుట్టలో కాయలు లెక్కపెట్టుకుని ఆ తర్వాతే పలకరిస్తుంది. చేప కొంటే మొప్పలెత్తి చూస్తుంది, బియ్యం కొంటే నమిలి చూస్తుంది, నోటు ఇస్తే వెలుతురుకు ఎత్తి చూస్తుంది. మొగుడు పోయి పదిహేనేళ్ళు. బతికున్న రోజుల్లో ఆయన, "నువ్వు నన్ను కూడా లెక్కపెట్టుకునే పడుకుంటావే" అని ఎగతాళి చేసేవాడట. "ఉన్నది ఒక్కడివే కదా, లెక్క తొందరగా తెములుతోంది" అనేదట ఈమె.

ఇంత అనుమానప్పక్షీ గుడ్డిగా నమ్మేది ఒక్కటే, నోటిమాట. ఆ నది మీద మాట లేకుండా ఏ సరుకూ చేతులు మారదు. అమ్మేవాళ్ళు "అమ్మాను" అనాలి, కొనేవాళ్ళు "కొన్నాను" అనాలి. ఒక్క అరటికాయ బజ్జీ అయినా అంతే, పడవ మొత్తమైనా అంతే. ఆ రెండు మాటలూ పడకుండా తిన్నది ఒంటికి పట్టదని ఆ నది ఒడ్డున ఉండే బంజర్ తెగ జనం నమ్మకం. రోజుకు వందసార్లు అనీ అనీ హమ్సియా నాలుకకు అది ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. అవతలివాళ్ళు సగం అనేసరికి ఇవతలి సగం దానంతటదే బయటికొస్తుంది.

ఆమె ఉండే సందులో అరవై రెండు ఇళ్ళు, అన్నీ నీళ్ళలో పాతిన కొయ్య స్తంభాల మీద నిలబడ్డవే. వాటన్నిటికీ కలిపి ఒక చావుసాయం సంఘం ఉంది. ఇంటికింత అని వారం వారం వేసుకుంటారు. ఎవరు పోయినా శవానికి చుట్టే కఫను బట్ట, కర్పూరం, గోతిలో పరిచే చెక్కలు, స్నానం చేయించినవాళ్ళకు భోజనం, అన్నీ ఆ డబ్బులోంచే. తవ్వితే నీళ్ళూరే నేల కాబట్టి చెక్కలకే ఎక్కువవుతుంది. మొదట్లో ఆ డబ్బు ఒక మంచాయన దగ్గర ఉండేది. అడిగినవాళ్ళకల్లా ఆయన చేబదుళ్ళిచ్చాడు. తీరా ఒక ముసలాయన పోయేసరికి పెట్టెలో చీమలు తప్ప ఏమీ లేవు. పక్క సందు వాళ్ళను బతిమాలి బట్ట తెచ్చుకోవలసి వచ్చింది. ఆ సిగ్గు చల్లారకముందే ఆడవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకున్నారు.

"ఈసారి మంచాళ్ళొద్దు తల్లీ మనకి" అంది మస్రియా. "హమ్సియాకిద్దాం. అది కన్నతల్లిని కూడా నమ్మదు."

మస్రియాది హమ్సియాకు ఎదురిల్లు. ఇద్దరూ ఒకే ఏడు ఆ నదిలో ఈత నేర్చుకున్నారు. నోటి దురుసులో ఒకరికొకరు తీసిపోరు.

అలా కఫను డబ్బు హమ్సియా చేతికొచ్చింది. బిస్కట్ల డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ట్రంకుపెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుంది. ఆ పెట్టెలో ఆమెదని చెప్పుకోదగ్గది ఇంకొక్కటే ఉంది. మక్కా వెళ్ళొచ్చిన మేనత్త అక్కడి జమ్‌జమ్ బావి నీళ్ళలో తడిపి, ఆరబెట్టి తెచ్చిన తెల్లబట్ట. హమ్సియాకు కఫనుగా ఉంటుందని ఇచ్చింది. ఏడాదికోసారి దాన్ని తీసి, ఎండలో వేసి, కొత్త కర్పూరం బిళ్ళ పెట్టి మడత పెట్టేది. తనకంటూ మక్కా యోగం లేదని తెలిసిన మనిషికి ఆ బట్టే మక్కా.

పక్క సందు తగలబడింది ఒక వేసవిలో. మధ్యాహ్నం ఎవరింట్లోనో పొయ్యి మీద నూనె అంటుకుంటే, సాయంత్రానికి నలభై ఇళ్ళు నీళ్ళలోకి కూలిపోయాయి. హమ్సియా డబ్బాను, బట్టను ఒళ్ళో పెట్టుకుని పడవలో నది మధ్యలో కూర్చుంది. మర్నాడు సందులో ఆడవాళ్ళు ఏకమయ్యారు: డబ్బు ఇంట్లో వద్దు, బ్యాంకులో వేద్దాం.

సంతవీధిలో ఒక చిన్న ఇస్లామీ బ్యాంకు ఉంది. వడ్డీ ఇవ్వదు, పుచ్చుకోదు. బల్ల వెనక కూర్చున్న ఉద్యోగి పేరు శహ్రానీ. ముప్పై ఏళ్ళుంటాయి, తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు.

"రెండెందుకు బాబూ? నిజానికొకటి, అబద్ధానికొకటా?" అని మొదలుపెట్టింది హమ్సియా.

శహ్రానీ నవ్వాడు. "పిన్నీ, మా దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి దాపు. మీరు దాచమంటారు, మేం దాస్తాం. వరదొచ్చినా, నిప్పొచ్చినా, మా వ్యాపారమే మునిగినా, చివరి రూపియా దాకా తిరిగిచ్చే పూచీ మాది. లాభం మాత్రం అడక్కూడదు. రెండోది వాటా. మీ డబ్బుతో మేం వ్యాపారం చేస్తాం. లాభమొస్తే పంచుకుంటాం. మా తప్పు లేకుండా నష్టమొస్తే మీ డబ్బు పోతుంది, మా కష్టం పోతుంది."

"తప్పుందో లేదో ఎవరు చెప్తారు?"

"లెక్కలు చెప్తాయి పిన్నీ."

"లెక్కలెవరు రాస్తారు?"

"మేమే."

"అదీ సంగతి" అని హమ్సియా చేతులు కట్టుకుంది. "నాకు లాభమొద్దు. చచ్చినోళ్ళ బట్ట మీద లాభమేంటి, పాపం చుట్టుకుంటుంది. దాచు, చాలు."

కాగితం మీద వేలిముద్ర వేసింది. అక్కడితో లేవలేదు. గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ను, రోడ్డు మీద టీ అమ్ముకునేవాణ్ణి పిలిపించి, వాళ్ళు వింటుండగా, "సంఘం డబ్బు దాచమని అప్పజెప్పాను" అంది. శహ్రానీ గొంతు సవరించుకుని, "దాస్తానని తీసుకున్నాను" అన్నాడు. "గట్టిగా" అంది. మళ్ళీ అన్నాడు. అప్పుడు లేచి వచ్చింది.

ఆరేళ్ళు బాగానే నడిచింది. ఎవరైనా పోతే హమ్సియా వెళ్ళి కావలసినంత తెచ్చేది, వచ్చిన చందా వేసొచ్చేది. డబ్బు పెరిగి పెరిగి కోటీ ఎనభై లక్షల రూపియాలైంది. వినడానికి ఘనంగా ఉంటుంది కానీ దానికి ఒక పాత మోటారుసైకిలొస్తుంది, అంతే. సందులో లెక్క మోటారుసైకిళ్ళలో వేసుకోరు, మనుషుల్లో వేసుకుంటారు. ఇరవై మందిని మర్యాదగా సాగనంపవచ్చు.

ఆ ఏడు ఉపవాసాల నెలకు ముందు బ్యాంకువాళ్ళు పచ్చజెండా కట్టిన పడవలో సంతలోకి వచ్చారు. ఖాతా ఉన్నవాళ్ళందరికీ ఆకుపచ్చ గొడుగులు పంచారు. పడవలో ఆకుటోపీ పెట్టుకున్న ఆడదానికి గొడుగెందుకు? మస్రియా తన గొడుగును మిరపకాయల బుట్ట మీద కప్పుకుంది. హమ్సియా తనదాన్ని ఊరికే వచ్చింది కాబట్టి అనుమానించి, మర్నాడే రెండు గుమ్మడికాయలకు మార్చేసుకుంది. శహ్రానీ ఆమె పడవ పక్కన ఆగి ఏదో చదివాడు, ఆమె ఏదో అంది. సూపు హోటలు యజమానికి రెండొందల నారింజలు లెక్కపెడుతున్న సమయమది. ఆ వెనకాలే బొగ్గు పడవ ఒకటి వెళ్ళింది. ఆ పెద్ద ఇనుప పడవలు వెళ్ళిన ప్రతిసారీ అలలు లేచి చిన్న పడవలు తలకిందులయ్యేంత ఊగుతాయి. ఆడవాళ్ళంతా పనులు మానేసి దాన్ని శపించారు.

మరుసటి ఏడు మస్రియా తల్లి సానియా పోయింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయింది. హమ్సియా నారింజలు పడవలోనే వదిలేసి బ్యాంకుకు పరిగెత్తింది.

శహ్రానీ ఆమె కళ్ళలోకి చూడలేదు. "పిన్నీ, సంఘం ఖాతా ఆపేశారు. పైవాళ్ళు లెక్క తేల్చేదాకా తియ్యడానికి లేదు. తేల్చాక కూడా... పదింట నాలుగొంతులే మిగిలేలా ఉంది."

"మిగతాదేది?"

"బొగ్గు పడవలో పెట్టారు. బొగ్గు ధర పడిపోయింది. నష్టం."

హమ్సియాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. "ఒరే, దాస్తానన్నావు కదరా. ఇద్దరు విన్నారు."

"పోయినేడు వాటా దారిలోకి మార్చుకున్నారు కదా పిన్నీ. మీరే ఒప్పుకున్నారు." కాగితం తీసి చూపించాడు. వేలిముద్ర లేదు. దాని చోట ఒక టిక్కు, పక్కన రెండు ముక్కలు: నోటిమాటగా ఒప్పుకున్నారు.

"అబద్ధం!" అని ఆమె పెట్టిన కేకకు వాచ్‌మన్ లోపలికి వచ్చాడు.

కంచే చేను మేసింది. కానీ శవం ఇంట్లో ఉంది, పొద్దు వాలకముందే పాతిపెట్టాలి. హమ్సియా ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, ట్రంకుపెట్టె తెరిచింది. మేనత్త ఇచ్చిన బట్ట తీసి ఒళ్ళో పెట్టుకుని కొంచెంసేపు కూర్చుంది. ఏడ్చింది కూడా. చచ్చిపోతే తనకు ఏం చుడతారో అన్న భయంతోనే ఏడ్చింది, గొప్ప మనసుతో కాదు. తర్వాత, ఎవరూ లేని ఆ గదిలో, "సంఘానికి ఇచ్చాను" అని పైకి అంది. చెక్కలవాడికి పడవ మోటారు తాకట్టు పెట్టింది.

శవానికి స్నానం చేయించాక బట్ట విప్పుతుంటే మస్రియా ముక్కు ఎగబీల్చింది. ఏడుపులో ఉన్నా ఆమె ముక్కు ముక్కే. "పాత కర్పూరం కంపు కొడుతోందేంటే? కొత్త బట్ట కాదా ఇది?"

"బట్ట శుభ్రంగా ఉందా, లేదా? వాసనతో నీకేంటే పని?" అంది హమ్సియా.

వారం తిరక్కుండా సంగతి సందంతా తెలిసింది. మసీదు అరుగు మీద సమావేశం పెట్టారు. హమ్సియా జరిగింది చెప్పింది. చెబుతున్నకొద్దీ ఎదురుగా ఉన్న ముఖాలు ఎలా మారుతున్నాయో ఆమెకు తెలిసిపోయింది. జీవితమంతా తను జనాన్ని చూసిన చూపే అది. మొదటిసారి ఎదుటినుంచి తన మీద పడింది.

"డబ్బు బొగ్గులో పోయిందా, బొడ్లో పోయిందా?" అంది ఎవరో వెనకనుంచి.

"దాని పడవ మోటారు కూడా కనపడట్లేదు. అమ్ముకుని ఎటైనా ఉడాయించే ఆలోచనేమో" అంది ఇంకొకామె.

"నేనెందుకు ఉడాయిస్తానే?" అని హమ్సియా లేచేసరికి మస్రియా అందుకుంది. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటావేంటే? నిన్నెవరూ దొంగనలేదు. మా అమ్మకి ముక్కిపోయిన బట్ట కట్టావు. కొత్త బట్ట డబ్బులేం చేశావో అదొక్కటి చెప్పు."

హమ్సియా చెప్పలేదు. చెబితే నమ్మరని కాదు. నమ్మితే జాలిపడతారు, అది ఆమెకు ఇంకా కష్టం.

పట్నంలో పేదలకు ఊరికే వాదించే వకీలొకడు ఉన్నాడు, ఇదేహాం అని. ఆయన బ్యాంకు మీద షరియత్ కోర్టులో దావా వేశాడు. కాగితాలు చూసి సంబరపడిపోయాడు. "పిన్నీ, ఇది గెలిచిన కేసే! దాపు కాగితం మీద మీ వేలిముద్ర ఉంది. మార్చుకున్నారనడానికి ముద్ర లేదు, సాక్షి లేడు. దాపైతే నష్టంతో మనకి పనిలేదు, మొత్తం కక్కాల్సిందే. జడ్జిగారు అడిగితే 'నేనలా అనలేదు' అనండి. ఒక్క మాట, అంతే."

"అనలేదు కాబట్టి అనలేదనే అంటాను" అంది హమ్సియా.

విచారణకు రెండు రోజుల ముందు సంతలో ఒక కొత్త కోడలు నారింజలు బేరమాడుతోంది. హమ్సియా ధ్యాస నది మీద వస్తున్న బొగ్గు పడవ మీద ఉంది. "డజను కాయలు, వంద రూపియాలకి కొ..." అని ఆ పిల్ల వేళాకోళంగా మొదలుపెట్టిందో లేదో, "అమ్మాను" అనేసింది హమ్సియా. చుట్టుపక్కల పడవలన్నీ ఘొల్లుమన్నాయి. వందకు ఒక కాయ తొక్క కూడా రాదు. ఆ పిల్ల కూడా నవ్వి, "ఊరికే అన్నాన్లే పిన్నీ" అంది.

హమ్సియా నవ్వలేదు. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఇదే చోటు, ఇదే బొగ్గు పడవ. పచ్చజెండా. నారింజలు నూట నలభై దాకా లెక్కపెట్టింది. పక్కనుంచి శహ్రానీ గొంతు. మాట మాటా గుర్తొచ్చింది, చివర తన గొంతుతో సహా. "అప్పజెప్పాను" అంది తను. "తీసుకున్నాను" అన్నాడతను. నూట నలభై ఒకటి అని మళ్ళీ లెక్కలో పడింది తను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఊళ్ళో అందరినీ అనుమానించింది, ఇమాంగారి గడియారాన్నీ అనుమానించింది, తన నోట్లో ఉన్న నాలుకను ఒక్కరోజూ అనుమానించలేదు. ఆ రోజు నారింజలు సగం మిగిలిపోయాయి. ఇంటికొచ్చి అన్నం పెట్టుకుంది, తినలేదు. కాదంటే చాలు, అరవై రెండు ఇళ్ళ డబ్బు తిరిగొస్తుంది. మస్రియా నోరు మూతపడుతుంది. బ్యాంకువాళ్ళు చేసింది దగానే కదా, దగాకోరుల ముందు ఒక్క మాట దాస్తే తప్పేంటి? ఈ మాటలన్నీ తనకు తనే చెప్పుకుంది. చెప్పుకుంటున్నది ఎవరా అని దాన్నీ అనుమానించింది.

కోర్టు గదిలో సందు వాళ్ళు పదిమంది దాకా వెనక బల్లల మీద కూర్చున్నారు. మస్రియా అందరికంటే ముందొచ్చి కూర్చుంది. బయట వాన. జడ్జిగారు నెరిసిన గడ్డపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. బ్యాంకు తరఫు వకీలు లేచి, ఆమె నోటిమాటగా ఒప్పుకుందనీ, ఈ నది మీద నోటిమాట చెల్లుతుందని అందరికీ తెలుసనీ, బొగ్గు ధర పడిపోవడం దేవుడి చిత్తమనీ చెప్పి కూర్చున్నాడు.

"ఏమమ్మా, వాటాకి మార్చడానికి మీరు ఒప్పుకున్నారా?" అని అడిగాడు జడ్జి.

ఇదేహాం ఆమెవైపు చూసి కళ్ళతోనే సైగ చేశాడు. హమ్సియా లేచి నిలబడింది. పైట కొంగు చేతికి చుట్టుకుంది.

"అన్నానయ్యా" అంది.

వకీలు తల పట్టుకున్నాడు. వెనక బల్లల మీద గుసగుసలు లేచాయి.

"ధ్యాస లేకుండా అన్నాను. నారింజలు లెక్కపెట్టుకుంటూ అన్నాను. కానీ అన్నాను. మొదట అబద్ధమని అరిచాను, గుర్తు లేక. ఇప్పుడు గుర్తొచ్చింది. కాదందామనే అనుకున్నానయ్యా, రెండు రోజులు అనుకున్నాను. కానీ నోటిమాట చెల్లదంటే, నలభై ఏళ్ళుగా నేనమ్మిన ప్రతి కాయా దొంగసొమ్మే అవుతుంది."

బ్యాంకు వకీలు నవ్వుతూ లేవబోయాడు. "ఉండు నాయనా, నేనింకా అయిపోలేదు" అంది హమ్సియా. "సగం చెప్తే అది మాట కాదు. మొత్తం చెప్తాను. ఆ బాబు ఇలా చదివాడు: 'సంఘం డబ్బుని వాటాలోకి మార్చి, మన నది మీద కూరలూ బియ్యం అమ్మేవాళ్ళ వ్యాపారంలో పెట్టడానికి అప్పజెప్పారా?' అప్పజెప్పాను అన్నాను. తీసుకున్నాను అన్నాడు. ఇందులో ఒక్క ముక్క నేను కలపలేదు, తియ్యలేదు."

జడ్జి శహ్రానీవైపు తిరిగాడు. "మీరు చదివింది అదేనా?"

శహ్రానీ జేబులో రెండు పెన్నులూ సర్దుకున్నాడు. బ్యాంకు వకీలు ముఖం చూశాడు. "అంటే... లాభసాటి వ్యాపారంలో పెట్టడానికి అన్నానండీ. ఫలానా వ్యాపారం అని గుర్తులేదు."

"గుర్తులేదా?" అని వెనకనుంచి కేక వినిపించింది. మస్రియా. కోర్టు బంట్రోతు వారించేలోపే లేచి, వానకు తడిసిన ఆకుపచ్చ గొడుగును టపీమని విప్పింది. నీళ్ళు ముందు వరసలో వాళ్ళ మీద చిందాయి. గొడుగు చుట్టూ తెల్లటి అక్షరాలు: మీ డబ్బు మన నది కూరలకు, బియ్యానికి. లాభంలో వాటా.

"మిరపకాయల మీద కప్పుకుంటున్నానయ్యా ఏడాదినుంచి" అంది మస్రియా. "చదవడం రాదు నాకు. నిన్న మా కోడలు చదివి చెప్పింది. మీ బ్యాంకే అచ్చేసింది కదా బాబూ, దీనికైనా గుర్తుందేమో అడగండి."

గదిలో నవ్వులు. జడ్జి నవ్వలేదు, గొడుగును దగ్గరికి తెప్పించుకుని మూడుసార్లు చదివాడు. శహ్రానీ తల దించుకుని, "అదే చదివానండీ" అన్నాడు. ఆ తర్వాత బ్యాంకు పుస్తకాలు తెప్పించారు. ఆ బొగ్గు పడవ బ్యాంకు పెద్దల్లో ఒకాయన అల్లుడిదని తేలింది. కూరలకని తీసుకున్నదీ, బియ్యానికని తీసుకున్నదీ దాంట్లోకే పోయింది. తాకట్టు కూడా పెట్టించుకోలేదు.

తీర్పు చదివే రోజు జడ్జి దాన్ని తేలిక మాటల్లో చెప్పాడు. "వాటాకి డబ్బు తీసుకున్నవాడు కాపలాదారు. తన తప్పు లేకుండా పోతే అతని పూచీ లేదు. కానీ ఫలానాదాంట్లో పెడతానని తీసుకుని ఇంకోదాంట్లో పెట్టిన రోజునుంచి అతను కాపలాదారు కాడు, బాకీదారు. బొగ్గు ధర పడిందా, లేచిందా అన్నది అతని తలనొప్పి. మొత్తం తిరిగివ్వాలి." బ్యాంకు ఆ మాటను నోటితోనే రుజువు చేసుకోబోయి, నోటితోనే పట్టుబడిందని ఇదేహాం తర్వాత అందరికీ చెప్పుకు తిరిగాడు. తను మొదట తల పట్టుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.

అందరూ లేస్తుంటే హమ్సియా కదలలేదు. "అయ్యా, మరి నా సంగతి? నేనూ కాపలాదారునే. ధ్యాస లేకుండా మాటిచ్చాను. నేను బాకీదారునా, కాదా?"

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ దావా నా ముందుకి ఎవరూ తేలేదమ్మా" అన్నాడు.

డబ్బు ఇచ్చేటప్పుడు శహ్రానీ చేత "తిరిగిచ్చాను" అని వాచ్‌మన్ వినేలా మూడుసార్లు అనిపించింది హమ్సియా. సంఘం పెట్టెకు ఇకనుంచి మూడు తాళాలు, మూడు ఇళ్ళలో తాళంచెవులు ఉండాలని తనే పట్టుబట్టింది. "నన్ను నమ్మకండే. నేనే నమ్మట్లేదు" అంది.

తర్వాతి శుక్రవారం నమాజయ్యాక ఆమె రెండో చెప్పు కోసం తొట్టివైపు వెళుతుంటే మస్రియా దారికి అడ్డంగా నిలబడింది. ఆమె వెనక తమ సందు ఆడవాళ్ళు పదిహేనుమంది ఉన్నారు. మస్రియా చేతిలో మడత పెట్టిన తెల్లబట్ట.

"ఇది నీకు."

హమ్సియా బట్ట తీసుకుని, విప్పి, వెలుతురుకు ఎత్తి చూసింది. మూరేసి కొలిచింది. అంచు నలిపి చూసింది. "సంఘం డబ్బా?"

"చిల్లిగవ్వ సంఘానిది లేదు. మా చేతుల్లోంచి వేసుకున్నాం."

"ఎందుకు?"

మస్రియా కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత తిట్టినట్టే చెప్పింది. "మా అమ్మ పోయిన పది రోజులకి నువ్వు సంతలో ఉంటే మీ ఇంట్లో దూరానే. డబ్బు ట్రంకుపెట్టెలో దాచావనుకున్నాను. గడ్డపారతో తాళం తీసి మళ్ళీ నొక్కేశాను. అందులో ఏముంది? పాత కర్పూరం బిళ్ళ. మీ మేనత్త బట్ట పెట్టుకునే సంచీ, ఖాళీగా. అక్కడే కూలబడి ఏడ్చాను. చెప్దామంటే దొంగలా దూరిన సంగతి కూడా చెప్పాల్సొస్తుంది. నోరు రాలేదు. జమ్‌జమ్ నీళ్ళు మేం తేలేం హమ్సియా. నది నీళ్ళలోనే తడిపాం."

"అందుకేనా తాళం బిగుసుకుపోయింది?" అంది హమ్సియా.

"గట్టిగా చెప్పమంటావు కదా, చెప్తున్నాను. అందరూ వినండే. ఈ బట్ట హమ్సియాకి ఇచ్చాను!"

నలభై ఏళ్ళుగా ఆలోచనకంటే ముందు పరిగెత్తిన నాలుక ఈసారి కదలలేదు. హమ్సియా బట్టను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. చెంపల మీదుగా నీళ్ళు చారలు కడుతున్నాయి. పదిహేనుమందీ ఎదురుచూస్తున్నారు.

"తీసుకున్నాననవే" అంది మస్రియా. "అనకపోతే ఇది నీది కాదు."

"ఉండవే, ఆలోచించుకోనీ" అంది హమ్సియా. చాలాసేపు ఆలోచించింది. అప్పుడు అంది, "తీసుకున్నాను."